లోతు లేని గుంట

ఆ రోలుగుంట పిల్ల జాబ్ నడుస్తోంది. నాది క్యూలో ఉంది. చోడవరంలో మా వంటింటి పక్కనున్న చిన్న గదిలో లాప్‌టాప్ తెరిచి, విశాఖపట్నంలో యూనివర్సిటీ కంప్యూటర్ల మీద ఎవరి లెక్క నడుస్తోందో, ఎవరిది ఆగి ఉందో చూడ్డం ఆ ఏడాది నాకు జబ్బులా పట్టుకుంది. కుక్కర్ ఎక్కించి ఒకసారి, దించి ఒకసారి చూసేదాన్ని. ఆ పిల్ల పేరు పక్కన ఎప్పుడూ ఆకుపచ్చ చుక్కే. అంటే నడుస్తోందని. నా పేరు పక్కన పసుప్పచ్చ చుక్క. అంటే కూర్చోమని.

"ఏటే, రేషన్ షాపు దగ్గిర కూడా ఇంతలా సూడవు క్యూ," అన్నారు మా ఆయన.

"రేషన్ షాపులో ఎవరైనా ముందు దూరితే జుట్టు పట్టుకుని వెనక్కి లాగొచ్చు. ఇక్కడ ఏటి పట్టుకుని లాగమంటారు?" అన్నాను.

నేను ఊళ్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. పిల్లలు ఇంటర్‌కి వచ్చేక, నలభై దాటేక, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి చేరేను. భూమి లోపలి రాళ్లు ఎలా ఉంటాయో కంప్యూటర్లో లెక్క కట్టడం నా పని. ఇది మా పాలావిడకి ఒకసారి వివరంగా చెప్పేను. అంతా విని, "భూమి లోపలికి ఎల్లి ఎవులు సూసేరమ్మా?" అని అడిగింది. ఎవరూ చూడలేదు కాబట్టే లెక్క కడుతున్నామన్నాను. "అయితే మీరేటి సెప్పినా సెల్లిపోద్ది," అని గిన్నెలో పాలు పోసి వెళ్లిపోయింది.

చెల్లిపోతే ఎంత బాగుండునో!

ఉంగరాల్లో పెట్టుకునే ఆకుపచ్చ రాయి ఉంది కదా, ఆలివిన్. మన కాళ్ల కింద, భూమి పెంకు దిగువన ఉండే మాంటిల్ అనే పొరలో వందల కిలోమీటర్ల లోతు దాకా నిండా అదే. ఇంకా లోతుకి పోతే, ఆ ఒత్తిడికి అది తన అమరిక మార్చుకుని మరో ఖనిజమైపోతుంది. ఆ కొత్త ఖనిజానికి నీళ్లు దాచుకునే గుణం ఉంది. నీళ్లంటే బిందెలో నీళ్లలాంటివి కావు. ఒక మెగ్నీషియం పరమాణువు లేచిపోయిన చోట రెండు హైడ్రోజన్లు దూరి కూర్చుంటాయి. అవి సరిగ్గా ఎక్కడ కూర్చుంటాయి, కూర్చున్నాక ఆ రాయి ఎంత మెత్తబడుతుంది, భూకంపం అలలు దాంట్లోంచి ఎంత వేగంగా పోతాయి అన్నది నా థీసిస్‌లో చివరి అధ్యాయం. మిగతావన్నీ రాసేసేను. యూనివర్సిటీ వాళ్లిచ్చిన పొడిగింపులూ అన్నీ వాడేసేను. ఆ ఏడాది థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇన్నేళ్లు శనివారం శనివారం బస్సుల్లో నలిగింది, పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఎగ్గొట్టి చుట్టాల చేత మాటలు పడింది, అంతా గాలికి పోతుంది.

సరిగ్గా అప్పుడు దిగింది ఈ పిల్ల. ఎమ్మెస్సీ అవుతూనే ఫెలోషిప్పు తెచ్చుకుని, మా గైడ్ దగ్గరే ఫుల్‌టైమ్ చేరింది. రోలుగుంటలో చెరుకు రైతు కూతురు. చోడవరం మీదుగానే రాకపోకలు. "మీ పక్క ఊరమ్మాయేనండీ మేడం గారూ, బంగారం!" అన్నారు గైడ్. ఇన్నేళ్లలో ఆయన నోటి నుంచి నాకొచ్చిన పెద్ద మెప్పు "పర్లేదు." అది కూడా ఫైలు వంక చూస్తూ.

నాకు ఆ పిల్లలో నచ్చనిది ఫలానా అని చెప్పలేను. అన్నీ నచ్చలేదు. కీబోర్డు వంక చూడకుండా కమాండ్లు టైపు చేస్తుంది. నేను కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుని కొడతాను. పక్కన బిస్కెట్ పాకెట్ పెట్టుకుని తింటూ పని చేస్తుంది, ఒక్క పొడి కింద పడదు. గైడ్ ఏదైనా అంటే "అది కాదు సార్" అని మొహాన్నే అనేస్తుంది, ఆయన నవ్వుతారు. అదే మాట నేనంటే, "మీరు వాదించడానికే వస్తారు మేడం గారూ" అనేవారు. పైగా ఏసీకి ఎదురుగా ఉన్న కుర్చీ నాది. ఒక శనివారం వెళ్లేసరికి దాని మీద ఆ పిల్ల చున్నీ వేలాడుతోంది.

"మేడం, మీదా? లేస్తానుండండి."

"కూర్చో, కూర్చో. కుర్చీదేవుంది," అన్నాను. నిజానికి అంతా దానిదే ఉంది.

కొన్నాళ్లకి గైడ్, ప్రాక్టీసు కోసం నా ఫైలు ఆ పిల్లకిమ్మన్నారు. ఇచ్చేను. ఏదీ దాచుకోలేదు, మొత్తం ఇచ్చేను. ఎన్నిసార్లు వేసినా నా జవాబే వస్తుందని అంత ధీమా.

ఆ లెక్క ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. పరమాణువుల్ని మనం ఉజ్జాయింపుగా ఒకచోట పెడతాం. ఒక్కోదాన్నీ ఎటువైపు ఎంత బలం లాగుతోందో కంప్యూటర్ చూసి, అటు కాస్త జరుపుతుంది. మళ్లీ చూస్తుంది, మళ్లీ జరుపుతుంది. ఏ బలమూ లాగని చోటు వచ్చేక ఆగిపోతుంది. అక్కడ శక్తి అన్నిటికన్నా తక్కువని మనం నమ్ముతాం. దాన్ని మినిమమ్ అంటాం. నా హైడ్రోజన్లు రెండూ ఆ ఖాళీలో అటూ ఇటూ కొలిచినట్టు నట్టనడిమిన ఆగేయి. ముగ్గులో చుక్కల్లా ఎంత ముచ్చటగా ఉండేవో! ఆ బొమ్మని లాప్‌టాప్ తెర మీద పెట్టుకున్నాను. ఆ అమరిక మీదే అలల వేగాలన్నీ లెక్క కట్టి గైడ్‌కి పంపేను. పంపుతూ, నా ఫైలు పెట్టుకుని ఆ పిల్ల అన్ని రోజులుగా ఏం చేస్తోందని కూడా అడిగేను.

మర్నాడు ఫోన్ చేసేరు. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. సిగ్నల్ వచ్చీ రానట్టుంది.

"మేడం గారూ, అంతా చూశాను. ఒక్కటే మాట. ఆ గుంటని నమ్మకండి."

"ఏటి సార్?"

"ఆ గుంటని నమ్మొద్దంటున్నా. చూడ్డానికి చక్కగానే ఉంది గానీ లోతు లేదు. నాకు మొదట్నించీ అనుమానమే. శనివారం రండి, మాట్లాడదాం."

ఫోన్ కట్టయింది. తడి లంగా చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయేను. మా వైపు గుంటంటే ఆడపిల్ల. గుంటడంటే మగపిల్లాడు. గైడ్ గుంటూరు వైపు మనిషి. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా ఒక్క మా మాట పట్టుబడలేదనుకునేదాన్ని. పట్టుబడింది! అదీ ఎంత మంచి సమయంలో! చూడ్డానికి చక్కగానే ఉంది, లోతు లేదు. నేను ఇన్నాళ్లూ నోరు నొక్కుకుని మనసులో అనుకుంటున్నది అక్షరం పొల్లుపోకుండా ఆయనే అన్నారు.

ఆ సాయంత్రం మినప్పప్పు నానబోసి గారెలు వండేను.

"ఏటి విశేషం?" అన్నారు మా ఆయన, గారె తుంపుతూ.

"ఏం లేదు. మా గైడ్‌కి కళ్లు తెరుచుకున్నాయి."

"ఆపరేసనేటి?"

ఆయనతో మాట్లాడ్డం దండగ. నేను ఫోన్ తీసి ఆ పిల్లకి మెసేజ్ పెట్టేను. 'దిగులు పడకమ్మా. మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది. కష్టపడితే లోతు అదే వస్తుంది' అని. రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. దాని కింద 'ఎందుకు మేడం?' అని. పాపం, ఇంకా తెలీదు కాబోలనుకున్నాను. ఆ వారమంతా ఆకుపచ్చ చుక్క చూసినా నాకు కడుపు మండలేదు.

శనివారం వెళ్లేను. ఆ పిల్ల కూడా అక్కడే ఉంది. గైడ్ బోర్డు మీద ఒక గీత గీసేరు. కిందికి దిగి, నడుమ పైకి లేచి, మళ్లీ అంతే కిందికి దిగిన గీత. పైన ఒకచోట సుద్దముక్కతో తట్టేరు.

"ఇదిగో మేడం గారూ, ఇదీ మీ గుంట."

"నా గుంటేటి సార్?" అన్నాను ఆ పిల్ల వైపు చెయ్యి చూపించి. "ఈ గుంట నాకేటవుద్ది? మీ స్కాలరు, మీ ఇష్టం. నమ్మొద్దని మీరే కదా అన్నారు!"

ఆయన నా వంక, ఆ పిల్ల వంక మార్చి మార్చి చూసేరు. ఆ పిల్లకి ముందు అర్థమైంది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, భుజాలు ఊగిపోతున్నాయి.

"సార్, మా వైపు గుంటంటే ఆడపిల్ల సార్. మీరు నన్నే నమ్మొద్దన్నారనుకున్నారు మేడం."

"అయ్యయ్యో! మా వైపు గుంటంటే గొయ్యేనమ్మా!" అన్నారాయన. సైన్స్ డే నాడు తెలుగులో ఉపన్యాసం ఇవ్వాలని తెలుగు మాటలు వెతుక్కుంటున్నారట. మినిమమ్‌కి గుంట బాగుందనుకున్నారట. ఆయన తెలుగు ప్రేమ నా ప్రాణానికొచ్చింది.

"అయితే మేడం, ఆ మెసేజు..." అని ఫోన్ తీసింది ఆ పిల్ల.

"డిలీట్ చెయ్యి," అన్నాను.

తర్వాత ఆయన చెప్పింది విన్నాను. నా హైడ్రోజన్లు ఆగింది అసలు గుంటలో కాదు. రెండు గుంటల నడుమ ఎత్తు మీద. కొలిచినట్టు నట్టనడిమిన పెట్టేను కాబట్టి అటు ఎంత లాగుడో ఇటూ అంతే లాగుడు. రెండూ కొట్టుకుపోయి, బలం లేదనుకుని కంప్యూటర్ ఆగిపోయింది. ఆ పిల్ల చేసిందల్లా, లెక్క మొదలుపెట్టే ముందు హైడ్రోజన్లని పిసరంత పక్కకి తొయ్యడం. అవి జారుకుంటూ పోయి, ఒక మూలకి ఒరిగి కూర్చున్నాయి. అక్కడ శక్తి నాదానికన్నా తక్కువ. చూడ్డానికి అష్టావక్రంగా ఉంది ఆ అమరిక.

"ఎలా తట్టిందమ్మా నీకు? కుంచం కుదిపితే గింజ దిగుతుంది చూడు, అలాగా? మీది వ్యవసాయ కుటుంబం కదా," అన్నారు గైడ్ మురిసిపోతూ.

"కాదు సార్. సాఫ్ట్‌వేర్ మాన్యువల్లో ఉంది," అంది.

అది ఇంకా గుచ్చుకుంది. కుంచం కుదిపి కనిపెట్టిందంటే, పోనీలే పుట్టుకతో వచ్చిన తెలివి అని సరిపెట్టుకునేదాన్ని. ఆ మాన్యువల్ నా దగ్గరా ఉంది. సగం చదివి, మిగతాది తెలిసిందేలే అని పక్కన పడేసేను.

కానీ అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు నేను. "రెండు లెక్కలకీ సెట్టింగులు ఒకటేనా?" అన్నాను. నువ్వు సన్న జల్లెడ పట్టి, నేను పెద్ద కన్నాల జల్లెడ పట్టి, ఇద్దరి పిండీ తూచి ఎవరిది ఎక్కువంటే ఏం లాభం? శక్తుల సంగతీ అంతే. లెక్క సన్నదనం ఒకటైతేనే పోల్చాలి.

"ఒకటే మేడం. మీ ఫైలే కదా."

"నువ్వు ఒకటేనంటే నేను నమ్మెయ్యాలా? నేను వేసుకుని చూసుకుంటాను."

"వేసుకోండి మేడం," అంది. అంత నిబ్బరంగా అనకపోతే ఏం పోయింది?

ఇంటికొచ్చి వేసేను. పిసరంత కుడికి తోసి ఒకటి, ఎడమకి తోసి ఒకటి, పైకొకటి, కిందికొకటి. సెట్టింగులు ఇంకా సన్నం చేసి మరోటి. అన్నీ క్యూలో పడేసి, ఆ పిల్ల తప్పవ్వాలని కోరుకున్నాను. ఏ చదువులోనూ నా మార్కుల కోసం కూడా అంత గట్టిగా కోరుకోలేదు. మొక్కుకోవడం ఒక్కటే తక్కువ. మొక్కేసేదాన్నే గానీ, హైడ్రోజన్ల సంగతి ఏ దేవుడికి చెప్పుకోవాలో తెలీలేదు.

ఒక్కోటీ పూర్తవుతూ వచ్చేయి. ఆఖరిది కాలేజీ స్టాఫ్ రూములో చూసేను. ఎటు తోసినా అన్నీ ఆ మూలకో, అద్దంలో బొమ్మలా దానికి జోడైన ఎదుటి మూలకో జారేయి. దశాంశాల దాకా ఆ పిల్ల అంకె. పక్క డిపార్ట్‌మెంటు మేడం టిఫిన్ బాక్సు తెరుస్తూ నా మొహం చూసి, ఎవరైనా పోయేరా అని అడిగింది.

"పోనీ, సరైన జవాబు దొరికింది కదే. సంతోషించక మొహం అలా పెట్టేవేటి?" అన్నారు రాత్రి మా ఆయన.

"దొరికింది నాకా?" అన్నాను.

అమరిక తప్పయితే దాని మీద కట్టిన అలల వేగాలన్నీ తప్పే. అధ్యాయం మళ్లీ మొదటికొచ్చింది. గడువు మాత్రం మొదటికి రాదు కదా. అలా కొట్టుకుంటుండగా ఆ పిల్లే ఫోన్ చేసింది.

"మేడం, ఆ స్ట్రక్చర్ మీ చాప్టర్లో పెట్టేసుకోండి. నాకు వేరే టాపిక్ ఉంది కదా. నా పేరు కూడా అక్కర్లేదు."

వాటా అడిగితే దెబ్బలాడేదాన్ని. దెబ్బలాట నాకు బాగా వచ్చు. ఊరికే ఇచ్చేస్తానంటే ఎలా దెబ్బలాడాలి?

"నీ దానం నాకెందుకే గుంటా?" అనేసేను.

"దానం కాదు మేడం. మీ రిజిస్ట్రేషన్ పోద్దని సార్ సెప్పేరు."

"అంటే జాలి పడ్డావన్నమాట."

"పడ్డాను మేడం. పడకూడదా?" అంది.

నేను ఫోన్ పెట్టేసేను. ఉడికిపోయేను. తెల్లారేక అధ్యాయం మొదటి పేజీలోనే, ఈ అమరిక ఫలానా స్కాలరు కనిపెట్టిందని, నేను ముందు పెట్టింది తప్పని రాసి గైడ్‌కి పంపేను. మంచితనం అనుకోకండి. ఆ పిల్లని చూసి ఏడవడానికి నాకు హక్కుంది. ఆ పిల్ల జాలి తిని డాక్టరేట్ పుచ్చుకుంటే ఆ హక్కు కూడా ఉండదు.

ఇక మిగిలింది నా పని. రాయి ఎంత గట్టిదో తెలియాలంటే, కంప్యూటర్లోనే దాన్ని ఒక్కో వైపు నుంచీ కొంచెం నొక్కి, కొంచెం వాల్చి, ఎంత ఎదురు తిరుగుతుందో చూడాలి. ఆ విద్య ఆ పిల్లకి రాదు. నాకొచ్చు. కాలేజీకి సెలవు పెట్టేను. వంట మా ఆయన మీద వదిలేసేను. చారు తప్ప ఏం రాదు ఆయనకి. చారే తాగేం. లెక్కలన్నీ మళ్లీ కట్టేసరికి, నేను ముందు రాసిన ముగింపే తిరగబడింది. నీళ్లు చేరినా రాయిలో పెద్ద తేడా ఉండదని రాసేను. ఇప్పుడు చూస్తే రాయి మెత్తబడింది, అలలు నెమ్మదించేయి. అధ్యాయానికి ఇదివరకు లేని బలం వచ్చింది. ఎవరి వల్ల వచ్చిందో నన్ను అడక్కండి.

థీసిస్ ఇచ్చే ముందు డిపార్ట్‌మెంటులో అందరి ఎదుటా సెమినార్ చెప్పాలి. చెప్పేను. ముందు వరసలో ఒక పెద్ద ప్రొఫెసర్, తెర మీద ఆ వంకర అమరిక బొమ్మ చూసి, "ఇలా పక్కకి తోసి చూడాలని మీకెందుకు తట్టింది?" అని అడిగేరు.

"నాకు తట్టలేదండీ. ఆ వెనక వరసలో కూర్చున్న అమ్మాయికి తట్టింది," అన్నాను.

హాలు హాలంతా వెనక్కి తిరిగింది. ఆ పిల్ల లేచి నిలబడింది. ఇక ప్రశ్నలన్నీ అటే. నా సెమినార్లో నేను వేదిక మీద లేజర్ పాయింటర్ పట్టుకుని, గోడ మీద ఎర్ర చుక్క వేసుకుంటూ నిలబడ్డాను. పెళ్లిలో గొడుగు పట్టేవాళ్లు నయం, వాళ్లని ఫొటోలో అయినా వేస్తారు. చెప్పకుండా ఉంటే ఎవరికి తెలిసేదని ఒక్క క్షణం అనిపించింది కూడా.

అంతలో ఎవరో అలల వేగం గురించి అడిగేరు. "అది మేడం సెప్పాలి సార్. నాకు రాదు," అని కూర్చుంది ఆ పిల్ల.

చెప్పేను. అవసరమైన దానికన్నా చాలా ఎక్కువ చెప్పేను. టీలు చల్లారిపోతున్నాయని గైడ్ సైగ చేసే దాకా చెప్పేను. చివరికి థీసిస్ ఇచ్చుకోవచ్చన్నారు. కిందికి దిగేసరికి, నాకన్నా ముందు ఆ పిల్ల చుట్టూ నలుగురు చేరి ఉన్నారు.

సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్సులో చోడవరం బస్సు ఇంకా ఆగకముందే జనం ఎగబడ్డారు. ఆ పిల్ల నా పక్కనుంచి పరిగెత్తి, కిటికీలోంచి చున్నీ ఒక సీటు మీద పడేసి, నేను లోపలికి ఎక్కేసరికి ఆ సీటుకి కాపలా కాస్తూ నిలబడింది.

"మేడం, కిటికీ పక్కన మీరు కూర్చోండి."

కూర్చున్నాను. థాంక్స్ చెప్పలేదు. గాజువాక దాటేక ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"మేడం, ఆ నొక్కి సూసే లెక్క నాకు నేర్పుతారా?"

"ఎందుకు నేర్పాలి? నెల తిరక్కుండా నాకన్నా బాగా చేస్తావు."

"సేస్తానేమో," అంది ఆలోచించి. "పోనీలెండి మేడం. వేరేవాళ్లని అడుగుతాను."

బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. నేను కిటికీ మూసేసేను.

"ఎవర్ని?" అన్నాను.

పక్క ల్యాబులో ఉన్న ఒక కుర్రాణ్ని చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"వాడా? వాడికేటి తెలుసు? వాడు నొక్కితే రాయి కాదు, కంప్యూటరే పగిలిపోద్ది. నా లెక్క వాడి దగ్గిర నేర్చుకుంటావా నువ్వు?"

"మరి మీరు నేర్పనన్నారు కదా!"

"నేర్పనన్నానా? ఎందుకు నేర్పాలి అన్నాను. తెలుగు రాదా నీకు?" అని, ఒళ్లో బ్యాగులోంచి లాప్‌టాప్ లాగి తెరిచేను. "ఇలా జరుగు. ఆ చెయ్యి తియ్యి, తెర కనపడ్డం లేదు. మొదట పొడుగు వైపు నుంచి నొక్కుతాం. ఎంత నొక్కాలో నేను చెప్పే దాకా ముట్టుకోకు."